అటక మీది ఎర్ర మూట

కేబుల్ వైరు డాబాల మీంచి, చెట్ల కొమ్మల మీంచి ఇంటింటికీ పాకుతున్న ఆ కొత్తల్లో, టీవీ సీరియల్ రాయడం కూడా ఒక పనేనని ఒప్పుకునేవాళ్లు తక్కువ. ఫిల్మ్‌నగర్‌లో సినిమా రచయిత కారు దిగితే నలుగురు లేచి నిలబడేవారు. సీరియల్ రచయిత (అందులోనూ నాలాంటి సహాయ రచయిత) షేరింగ్ ఆటోలోంచి నలుగురి మోకాళ్లు దాటుకుని దిగితే వాచ్‌మన్ కాలుస్తున్న బీడీ అయినా దాచేవాడు కాదు. ఊళ్లో మా నాన్నగారి అవస్థ ఇంకోలా ఉండేది. "మీ అమ్మాయి హైదరాబాదులో ఏం చేస్తోందండీ?" అని ఎవరైనా అడిగితే "సీరియల్ రాస్తోంది" అనేవారు. "అయితే టీవీలో కనబడుతుందా?" "కనబడదు, రాస్తుంది." "పోనీ, పేరైనా పడుతుందా?" అక్కడికొచ్చేసరికి నాన్నగారు ఆ ఏడు వానల సంగతి ఎత్తుకునేవారట. పేరు పడేది కాదు మరి. పడే పేరు మా గురువుగారిది. చివరికి విసుగెత్తి ఆయన ఒక గడువు పెట్టారు. ఉగాదిలోగా తెర మీద నా పేరు పడితే సరే సరి, లేకపోతే మూటాముల్లె సర్దుకుని వచ్చేయాలి, మా ఊరి కాన్వెంటులో టీచరు ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఆ కాన్వెంటులోనే నేనూ చదువుకున్నాను. అందుకే ఆ మాట వినగానే నాకు ఒళ్లు చల్లబడింది.

మా గురువుగారు ఒకప్పుడు సినిమాలకు రాసి, సినిమాలు పిలవడం మానేశాక సీరియల్స్‌కి దిగివచ్చిన (ఆయన మాటే) పెద్దమనిషి. పేము కుర్చీలో పడుకుని కళ్లు మూసుకుని చెప్పేవారు, నేను కార్బన్ పేపర్లు పెట్టి రాసేదాన్ని. అవతల ఆర్టిస్టులు మేకప్ వేసుకుని కూర్చుంటే ఇవతల సిరా ఆరని కాగితాలు పట్టుకుని నేను పరుగెత్తేదాన్ని. ఇవాళ తీసింది ఎల్లుండి, ఒక్కోసారి ఆ సాయంత్రమే టీవీలో వచ్చేసేది కాబట్టి ముందుచూపు అనేది మా వృత్తిలో ఎవరికీ అలవాటు లేదు. ఆయన నాకు నేర్పిన శాస్త్రమంతా ఒక్క ముక్క. "అమ్మాయ్, ప్రతి ఎపిసోడ్ చివరా ఒక ముడి వెయ్యి. చూసేవాడు రాత్రి పడుకున్నాక కూడా అది గుర్తొచ్చి అటూ ఇటూ దొర్లాలి." ముడి వేయడం సరే, విప్పడం ఎలాగో అడిగితే "అది రేపటి సంగతి కదా" అనేవారు. అలాంటి మనిషికి హఠాత్తుగా మద్రాసు నుంచి ఒక సినిమా కబురొచ్చింది. "రెండ్రోజుల్లో వచ్చేస్తాను, నువ్వు చూసుకో" అని పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. ఆ రెండ్రోజులూ ఎంత పొడుగైనవో చెప్పడానికే ఈ కథ.

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో బండరాళ్ల మధ్య కట్టిన ఒక పెద్ద ఇంట్లో జరిగేది. ఆ ఇంటివాళ్లు ఎవరో నాకు నేటికీ తెలియదు. ఆ ఇంట్లో మా సీరియల్ కుటుంబం పగలంతా ఏడ్చుకుని వెళ్లేది, మర్నాడు వేరే ఛానల్ వాళ్ల కుటుంబం అదే సోఫాల మీద కూర్చుని ఏడ్చేది. ఇలా వంతులు. ఒక సాయంత్రం మా డైరెక్టరు (చీకటి పడ్డా నల్లకళ్లద్దాలు తీయడు కాబట్టి ఆయన్ను మేం కూలింగ్ గ్లాసుగారు అనేవాళ్లం) గడియారం చూసి గుండె పట్టుకున్నాడు. ఎపిసోడ్ నిడివి తగ్గింది. "ఏదో ఒకటి రాయమ్మా, ఇంకో నిమిషం నిండాలి, మీ ముడి కూడా పడలేదు!" నేను చుట్టూ చూశాను. మూలన కాస్ట్యూమ్స్ అతను ఇస్త్రీకి వేయాల్సిన బట్టలన్నీ ఒక ఎర్రగుడ్డలో మూటగట్టి పెట్టుకున్నాడు. అంతే, కలం పరుగెత్తింది. అత్తగారు అటూ ఇటూ చూసి బీరువాలోంచి ఎర్ర మూట తీస్తుంది. గుండెకు హత్తుకుంటుంది. కన్నీళ్లు తుడుచుకుంటుంది. అడుగుల చప్పుడు. గబగబా అటక మీద దాచేస్తుంది. "రేపటికి మిగతా." నిమిషం నిండింది, ముడి పడింది, అందరూ టీ తాగారు. ఆ మూటలో ఏముందని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా ప్రశ్నించుకోలేదు.

అడిగినవాళ్లు రహమత్‌నగర్‌లో ఉన్నారు. నేను అక్కడ ఒక గదిలో కిరాయికుండేదాన్ని. మా ఓనరమ్మకు ఆ గల్లీలో అందరికంటే పెద్ద టీవీ ఉండేది. సీరియల్ టైముకు గల్లీలో ఆడవాళ్లంతా ఆవిడ ముందుగదిలో చాపలు పరుచుకుని కూర్చునేవారు. ఆ మూట ఎపిసోడ్ వచ్చిన మర్నాడు పొద్దున్నే బిందె పట్టుకుని పంపు దగ్గరికి వెళ్తే ఓనరమ్మ పంపు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఏం పిల్లా, గా మూటల ఏమున్నదే?" నేను రచయితలు నవ్వే నవ్వొకటి నవ్వి (అద్దం ముందు సాధన చేసిందే) "చూస్తూ ఉండండి ఆంటీ" అన్నాను. "సూస్తనే ఉన్న. నీళ్లు ఇడుస్త గని ముందుగాల మూట సంగతి చెప్పు. ఎవ్వలకు చెప్ప, నీ మీద ఒట్టు." వెనక క్యూలో ఉన్న గల్లీ అంతా ఒట్టు వేయడానికి సిద్ధంగా నిలబడింది. ఆ పూట నాకు స్నానం లేదు. వారం తిరిగేసరికి గల్లీ రెండు పార్టీలైంది. బంగారమున్నదని కిరాణా కొట్టు పార్టీ, లేదు, దొంగ వీలునామా ఉన్నదని టైలరు పార్టీ. ఇస్త్రీ పెట్టే ఆయన మాత్రం "అండ్ల బట్టలే ఉన్నయ్, ఆ ముడి గట్టుడు జూస్తె తెల్వదా" అన్నాడట. ఆయన మాట ఎవరూ వినలేదు.

ఇంత కుతూహలం పుట్టించింది నేనేనా అని ఒకపక్క ఒళ్లు పులకరించేది, ఇంకోపక్క పంపు దగ్గరికి వెళ్లాలంటే భయమేసేది. ఎందుకంటే అసలు విషయం తెలుసుకోవాలని అందరికంటే ఎక్కువ తహతహలాడుతున్నది నేనే. ఛానల్ వాళ్లు రోజూ మూట చూపించమన్నారు, విప్పొద్దన్నారు. అత్తగారి వేషం వేసే ఆవిడ గుంటూరు నాటకాల్లో పండిపోయిన మనిషి. నన్ను పక్కకు లాగి, "అమ్మాయ్, బంగారమైతే ఒకలా పట్టుకోవాలి, అస్థికలైతే ఒకలా పట్టుకోవాలి. లోపల ఏముందో చెప్పకపోతే నా చేతులు ఏం చెయ్యాలే తల్లీ?" అంది. "గురువుగారికి తెలుసండీ" అన్నాను. కూలింగ్ గ్లాసుగారూ అదే అనుకుంటున్నాడు. సాయంత్రం ఎస్టీడీ బూత్‌కు వెళ్లి మద్రాసుకు ఫోను కలిపితే, నేను నోరు తెరవకముందే గురువుగారు "ఒసేయ్ అమ్మాయ్, ఇక్కడ హోటల్లో తెలుగువాళ్లంతా నన్ను పీక్కుతింటున్నారు. ఆ మూటలో ఏం పెట్టావే?" అన్నారు. "మీరు చెబుతారనుకున్నాను" అన్నాను. "నువ్వు కట్టిన మూట నేనెట్లా విప్పనమ్మా? నీదే భారం" అని పెట్టేశారు. ఆయన సినిమా అప్పుడే మొదలైంది, ఇప్పట్లో రారు.

ఇక నిర్మాత దిగాడు. పెళ్లయినా చావయినా సఫారీ సూటే వేసుకునేవాడు కాబట్టి సఫారీగారు. "చూడమ్మా, శుక్రవారం మూట విప్పుతున్నామని ప్రకటన ఇచ్చేశాను. జనం అబ్బ అనాలి. అలా అన్నారా, సోమవారం నుంచి రచన కింద నీ పేరు వేస్తాను. ఉస్సూరంటే మాత్రం వేరే రచయితను చూసుకుంటాను, ఏమనుకోకు" అన్నాడు. ఉగాది గుమ్మంలోకొచ్చింది. నేను మూటలో పెట్టని వస్తువు లేదు. నగలు పెట్టాను, తుపాకీ పెట్టాను, అత్తగారి చిన్ననాటి గజ్జెలు పెట్టాను, ఒకసారి జ్వరం మీదుండి చనిపోయిన పిల్లి కూడా పెట్టాను. ఏది పెట్టినా ఇంతేనా అనిపించేది. ఆఖరికి ఓనరమ్మనే తిరిగి అడిగాను, "మీరైతే అట్లా ఏం దాచుకుంటారు ఆంటీ?" అని. గలగలా మాట్లాడే మనిషి కాసేపు నన్ను చూసి, "నాకేముంటయే దాసుకోనీకి" అని పప్పు కలపడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజంతా మూట ఊసెత్తలేదు. అప్పుడు ఆవిడ మొహంలో చూసింది రాయగలిగితే నేను నిజంగా రచయిత్రినే, కానీ అది రాయడం నాకు చేతకాలేదు. వేరే దారి లేక గజ్జెల సీనే రాసి సంచిలో పెట్టుకున్నాను.

గురువారం సాయంత్రం, ఇక ఊరికి పోవడం ఖాయమనుకుని గదిలో సామాను సర్దుకుంటున్నాను. ఓనరమ్మ ముందుగదిలోంచి ఒక్క కేక వినిపించింది, వెంటనే గల్లీ అంతా అరిచింది. ఏ గ్యాసు సిలిండరో పేలిందనుకుని పరుగెత్తాను. మా ఛానల్ కాదు, పక్క ఛానల్. మా ఇంట్లోనే వంతులేసుకుని తీసే ఆ ఇంకో సీరియల్. అందులో విలన్ ఆడపడుచు మా అటక తలుపు తెరిచి, మా ఎర్ర మూట దించి, మా ముడి విప్పేసింది! లోపల పసిపిల్లాడి వెండి మొలతాడు. (తర్వాత వాళ్ల డైరెక్టరును అడిగితే "అటక మీద సిద్ధంగా ఉంటే ఇంటివాళ్లదేమో అనుకున్నామమ్మా, సీన్‌కి సరిపోయింది, వాడేశాం" అన్నాడు, ఏ పాపమూ ఎరుగని మొహంతో.) శుక్రవారం ప్రకటనా, నా పేరూ, నా హైదరాబాదూ అన్నీ ఆ మొలతాడుతో వేలాడుతున్నట్టు కనబడ్డాయి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అదేమీ పట్టనట్టు గల్లీ అంతా నా మీదికి తిరిగింది. "ఏందే పిల్లా గిది? మీ అత్తకు గా ఇంట్ల కొడుకున్నడా?" అంది టైలరు భార్య. "అది కాదే, మన అత్త మూట గాళ్లింటికెట్ల వోయింది? ఎవలు ఎత్కపోయిండ్రు?" అంది ఓనరమ్మ. ఏడుస్తున్నదాన్ని ఏడుపు ఆపేసి ఆవిడ వైపు చూశాను. మూట విప్పేశారే అని ఒక్కరికీ బాధ లేదు. లోపల ఏముందన్న ప్రశ్న అప్పటికే పాతబడింది. వాళ్లకిప్పుడు దొంగ కావాలి!

తెల్లవారగానే యూసుఫ్‌గూడ మీదుగా చెక్‌పోస్టు కొండెక్కి, ఆయాసంతో షూటింగ్ ఇంటికి చేరి, గజ్జెల సీను చింపేసి కొత్తది నిర్మాత చేతిలో పెట్టాను. అత్తగారు స్టూలెక్కుతుంది. అటక తలుపు తీస్తుంది. చెయ్యి లోపలికి పెడుతుంది. మూట లేదు. సీనంతా అంతే, మాటల్లేవు. సఫారీగారు చదివి "విప్పుతామని ప్రకటించాం కదమ్మా" అన్నాడు. "విప్పడానికి ముందు దొరకాలి కదండీ" అన్నాను. ఆయన సఫారీ జేబులో చేతులు పెట్టుకుని ఆలోచించి, "దొరక్కుండా ఎన్నాళ్లు లాగొచ్చు?" అన్నాడు. ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. "ఖాళీ చేతులా? అమ్మయ్య, ఇది చెయ్యగలను!" అని స్టూలెక్కింది. ఆ చేతులు అటకలో తడుముతుంటే, మెల్లగా తిరిగి ఖాళీగా గుండెల మీదికి వస్తుంటే, లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా మెడలు చాచి అటక వైపే చూశారు. కూలింగ్ గ్లాసుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్లెలా ఉంటాయో మేమంతా చూసింది ఆ రోజే. సీను ఉన్నపళంగా ఎడిటింగ్‌కు పరుగెత్తి సాయంత్రానికి ప్రసారమైంది. మా గల్లీ అబ్బ అనలేదు, ఏకంగా శాపనార్థాలు పెట్టింది. సఫారీగారికి అది ఇంకా నచ్చింది.

సోమవారం ఓనరమ్మ ముందుగది కిక్కిరిసింది. ఈసారి మూట కోసం కాదు, నా పేరు కోసం. ఆవిడకు చదువు రాదు, అయినా ఎవర్నీ నోరు విప్పనివ్వలేదు. టైటిల్స్ మొదలయ్యాయి, పేర్లు కింది నుంచి పైకి బండి తోలినట్టు పోతున్నాయి. "అదే! అదే ఆంటీ!" అని నేను లేచేసరికి దాని మీదికి కెమెరామన్ ఎక్కేశాడు. "ఏది? గంత జల్ది పోతదా?" అంది ఓనరమ్మ. తెర వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "గా ఒక్క పేరు కోసమేనా బిడ్డా నువ్వు తిండి తినకుంట తిరిగింది?" అవునన్నట్టు తలూపాను. "ఏం ఫికర్ లే, రేపు మల్ల వస్తది గద, పట్టుకుంట" అంది. మర్నాడు టీవీకి ఆనుకుని కూర్చుంది, నేను ఇదే అనగానే వేలు చాచి తెర మీద నా పేరు తాకింది. ఆ రోజుల్లో టీవీ అద్దాలకు సన్నగా కరెంటు ఆడేది. గభాలున చెయ్యి లాక్కుని, "అబ్బ! చుర్రుమన్నదే నీ పేరు!" అంది. గది గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను. ఆ సాయంత్రం నాన్నగారు కిరాణా కొట్టు ఫోనుకు చేసి వానల గురించే మాట్లాడారు.

ఆ మూట చాలా ఇళ్లు తిరిగింది. ఛానల్ వాళ్లు ఉన్నట్టుండి సీరియల్ ఆపేసేనాటికి ఏ ఇంట్లో ఉందో కూడా మేం మరిచిపోయాం. తర్వాత నేను చాలా సీరియల్స్ రాశాను. ఇప్పుడు నా దగ్గర కుర్ర రచయితలు ఒక గది నిండా ఉన్నారు. ముందు జవాబు తేల్చుకుని, ఆనక ముడి వేస్తారు. తెలివైనవాళ్లు. వాళ్లను చూస్తే నాకు గౌరవమే కానీ, తనకే తెలియని మూటను నెత్తినపెట్టుకుని కొండెక్కిన ఆ వెర్రిపిల్ల మీద మాత్రం కాస్త అసూయ. ఇప్పుడు నా పేరు పెద్ద అక్షరాలతో, తాపీగా పడుతుంది. టీవీలు పలచబడ్డాయి, గోడకు ఫొటోల్లా వేలాడుతున్నాయి. ఎవరూ చూడకుండా అప్పుడప్పుడు దగ్గరికెళ్లి నా పేరు మీద వేలు పెడుతుంటాను. ఏమీ అనదు. చల్లగా ఉంటుంది. నాలో నేనే నవ్వుకుని వచ్చి కూర్చుంటాను.