పడుగుకు అవతలి పక్క

"మీ డాక్టర్ సాబ్ పోయిండట, నిన్న పొద్దూకినంక" అని నూలు దుకాణం ఆయన వీధిలోంచే చెప్పి, సైకిల్ దిగకుండా వెళ్లిపోయాడు. కరీంనగర్ నుంచి వచ్చిన పొద్దుటి బస్సులో ఎవరో అన్నారట. నేను మగ్గంలో ఉన్నాను. పోగు విసిరే నాడె చేతిలోనే ఉంది. కాళ్లు మాత్రం గుంతలోంచి బయటికి వచ్చేశాయి. నేను తీయలేదు, వాటంతట అవే వచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఆ పని చేశాయి.

సిరిసిల్లలో ఇప్పుడు కరెంటు మగ్గాలు ఒకటొకటే దిగుతున్నాయి గాని, మాది ఇంకా గుంత మగ్గమే. నేలలో గుంత ఉంటుంది, అందులో కాళ్లు దించి చెక్కలు తొక్కుతూ నేయాలి. గుంతలో కాలు పెట్టలేని సాలాయన ఉంటే వాడికి బువ్వ లేదు. నేను కొన్నేళ్లు అట్లాంటి సాలాయననే. ఆ కాళ్లను మళ్లీ గుంతలోకి దించిన మనిషి గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. చెయ్యి ఆడుతుంటే కాలు కాస్త ఊరుకుంటుందని రాస్తున్నాను. నేను చదివింది ఉర్దూలో, తెలుగు రాత పెద్దయ్యాక నేర్చుకున్నది. వంకరలుంటే సర్దుకోండి.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి తెలియదు. అవి పోలీస్ యాక్షన్‌కు ముందరి గడబిడ రోజులు. ఎవరు ఎవరిని ఎందుకు పట్టుకుపోయేవాళ్లో ఇప్పుడు తవ్వుకుని లాభం లేదు. పడుచువాళ్లున్న ఇళ్లకు వచ్చేవాళ్లు. మా అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు, ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం మా వీధికి వచ్చారు. మా అన్న నన్ను గుంతలోకి తోసి, తొక్కుడు చెక్కలు పక్కకు నెట్టి, నా వీపు మీద కాళ్లు పెట్టి నేస్తున్నట్టు కూర్చున్నాడు. ఇంట్లో ఒక్కడే ఉన్నాడనుకున్నారు. రెక్క పట్టి లేపారు. నా వీపు మీది కాళ్లు లేచిపోయాయి. అన్న మళ్లీ రాలేదు.

నేను గుంతలో దాక్కున్నానని మాత్రమే ఇంట్లో తెలుసు. కాళ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఎప్పుడు మగ్గంలో కూర్చుని కాలు దించినా అడుగున మెత్తగా తగిలేది. మట్టే. మట్టేనని నాకూ తెలుసు. అయినా వీపులాగే తగిలేది. లేచి నడిచేవాడిని. మానేరు వాగు దాకా పోయి వచ్చేవాడిని, మళ్లీ పోయేవాడిని. అన్నం కూడా నిలబడే తినేవాడిని. అవ్వ వేములాడ గుడికి తీసుకుపోయింది, తర్వాత దర్గాకూ తీసుకుపోయింది. రెండు చోట్లా కూర్చోమన్నారు, అదే నా వల్ల కాలేదు. చివరికి బాపు, కొడుకు బాధ చూడలేక, ఒక రోజు తట్టలతో మట్టి తెచ్చి గుంత పూడ్చేశాడు. మంచే అనుకుని చేశాడు. అన్న కూర్చున్న చోటు అది. ఆ రోజు నుంచి అవ్వ బాపుతో మాట్లాడటం తగ్గించింది. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ అదే గుంత, దాని మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

అప్పుడు వచ్చారు డాక్టర్ సాబ్ మా ఊరి సర్కారు దవాఖానకు. అంతకుముందు ఫౌజులో పనిచేశారట. ఒంటి మీద గీత కూడా లేకుండా వణికిపోయే సిపాయిలను చూసి, వాళ్లతో మాట్లాడటమే పనిగా పెట్టుకున్నారట. ఆ మాట విని బాపు నన్ను లాక్కుపోయాడు.

మొదటి రోజు మాత్రం ఆయన చేసింది తప్పు. దండం పెట్టుకునే మనిషి గురించి ఇట్లా రాయకూడదేమో గాని, రాస్తాను, ఎందుకంటే ఆయనే ఒప్పుకున్నారు. గది తలుపేసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "మొదటి సంది ఆఖరి దాక చెప్పు బిడ్డా, దాచకు" అన్నారు. నేను మొదలుపెట్టాను. గుంత దాకా వచ్చాను. తర్వాత నాకు తెలిసింది, నేను దవాఖాన బయట పరుగెత్తుతున్నానని. వచ్చే దారిలో కంపౌండర్ బల్ల మీది సీసాలు కూడా పడగొట్టానట. ఆపైన ఆ వీధి మొఖం చూడలేదు.

కొన్ని నెలలకు ఆయనే మా ఇంటికి వచ్చారు. వాకిట్లో నిలబడి, అవ్వ ముందరే అన్నారు. "తప్పు నాదే బిడ్డా. నిన్ను కూసోవెట్టిన. తలుపేసిన. అర్ర గుంతలెక్కనే అయింది గద? నాకు అక్కల్ లేకపాయె."

డాక్టరు తప్పు ఒప్పుకోవడం అవ్వ ఎప్పుడూ చూడలేదు. నోరు తెరుచుకుని చూసింది. నేను అప్పుడు పడుగు దగ్గర ఉన్నాను. గుంత పూడ్చాక వేరే మగ్గాలవాళ్లకు పడుగులు చేసిచ్చేవాళ్లం, మగ్గంలో కూర్చోలేను గనుక నడిచే పని నాకు వదిలేశారు. నిలువు పోగుల పడుగును వీధి పొడుగునా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతూ ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతుండాలి. తెగిన పోగు కనబడితే అతకాలి. ఒకరు ఇటు, ఒకరు అటు ఉంటారు. ఇద్దరూ ఎదురెదురుగానే నడుస్తారు గాని కళ్లు పోగుల మీదే ఉంటాయి. మొఖం మొఖం చూసుకునే తీరిక ఉండదు.

ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత పైజామా పైకి మడిచి, "జర నాకు గూడ నేర్పు" అంటూ అవతలి పక్కకు పోయి నిలబడ్డారు.

అట్లా మొదలైంది. ఆయనకు తీరిక దొరికిన పొద్దున్నల్లా వచ్చేవారు. పోగు అతకడం మాత్రం ఆయనకు చివరిదాకా రాలేదు. ముడి ఇంతలావు వేసేవారు. పైగా నశ్యం అలవాటు, పడుగు మీద పడి తుమ్మేవారు. "సారూ, నీ ఇలాజు సంగతేమో గని నా పడుగు ఖరాబైతుంది" అని అవ్వ మొహమాటం లేకుండా అనేది. ఆయన చిన్నపిల్లాడిలా మొఖం పెట్టి, "ఇంకొక్కటి వేస్త అవ్వా, గిది మంచిగ వేస్త" అని బతిమాలేవారు.

నన్ను ఏమీ అడిగేవారు కాదు. ఎన్నో పొద్దుల పాటు చింతచిగురు ధర, వానల సంగతులు, ఇవే. ఒక రోజు ఎవరూ అడగకుండా నేనే "అన్న నన్ను లోపల్కి తోసిండు" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "ఊఁ" అన్నారు. ఇంకో రెండు మాటలు చెప్పాను. నా గొంతు మారగానే ఆపేశారు. "చాలు. పొద్దు యాడికొచ్చింది? గంజి వాసన వస్తుందా? నీ కాలి కింద ఏముంది?" చూసి చెప్పాను. కాలి కింద దుమ్ము, ఇంత చెత్త, ఒక చీమల బారు. "మంచిది. ఇయ్యాల్టికి గంతే" అని వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండేది. సరిగ్గా చెప్పుకుపోదామనుకునే చోటే ఆపేవారు. ఒకసారి దెబ్బలాడాను. "నువ్వు మల్ల ఉరుకుతవు బిడ్డా. నాకు నీ కథ వద్దు, నువ్వు గావాలె" అన్నారు. ఇంకోసారి, మర్చిపోయే మందు లేదా అని అడిగితే, "యాది మరువుమని నేను చెప్ప. యాదికొచ్చినప్పుడు ఏడ నిలబడాల్నో నేర్పుత, నాకు వచ్చింది గంతే" అన్నారు. అప్పుడు అదేం వైద్యమనిపించింది. ఇప్పుడూ పూర్తిగా అర్థమైందని చెప్పను.

ఆ ఎండాకాలం, కొంచెం కొంచెంగా, కాళ్ల దాకా వచ్చాను. అన్న కాళ్లు నా వీపు మీద ఉన్నాయని చెప్పాను. అవ్వ పడుగు చివర కుంచె పట్టుకుని ఉంది, వింటోందని నేను అనుకోలేదు. "వాల్లు రెక్క వట్టి లేపిన్రు. కాళ్లు లేచినయి" అన్నాను. లోపల లోపల వేలసార్లు అనుకున్న మాటే అది. ఆయన ఎప్పటిలాగే పోగు వెతుకుతూ నడుస్తున్నారు. "లేచేటప్పుడు ఎట్ల లేచినయి?" అన్నారు.

నేను ఆగిపోయాను. లేచేముందు ఇంకొకటి జరిగింది. వాళ్లు అన్న మీద చెయ్యి వేయగానే నేను గుంతలోంచి లేవబోయాను. అప్పుడు అన్న మడమలతో ఒక్కసారి గట్టిగా నొక్కాడు. బొక్క విరిగేంత గట్టిగా నొక్కి, తర్వాత తీసేశాడు. ఆ నొక్కుడు నాకు అన్నేళ్లూ యాదికి రాలేదు. వీపు మీద ఉన్నట్టుండి తగిలింది, అక్కడే, వీధిలో, ఎండలో.

"ఒత్తిండు సారూ" అన్నాను. "పోయేటందుకు ముందు ఒత్తిండు."

"ఏమన్నట్టు?"

"లేవకు అన్నట్టు."

కుంచె కింద పడిన చప్పుడైంది. అవ్వ వచ్చి నా ఎదురుగా నిలబడింది. "మల్లొక్కపారి చెప్పు" అంది.

డాక్టర్ సాబ్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఇయ్యాల్టికి చాలవ్వా."

"నీకు చాలు గావచ్చు సారూ, నాకు చాలది" అంది అవ్వ. "నా కొడుకు ఆఖరికి ఏం జేసిండో నాకిప్పుడు ఎరుకైంది. చెప్పనియ్యి."

ఆయన చెయ్యి దించేశారు. నేను చెప్పాను. అవ్వ మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. పడుగు మీది గంజి ఎండి గట్టిపడిపోయింది, ఆ పడుగు దండగైంది. ఎవరికీ పట్టలేదు. బాపు లోపలి నుంచి అంతా విన్నాడు. గడ్డపార తీసుకుని, తను పూడ్చిన గుంతను తనే తవ్వడం మొదలుపెట్టాడు. అవ్వ పోయి తట్ట అందుకుంది.

ఆ గుంతలో మళ్లీ కాలు పెట్టాను. ఇప్పటికీ అడుగున మెత్తగా తగిలే రోజులున్నాయి. అది పోదని ఆయన ముందే చెప్పారు. "నీతోనే ఉంటది బిడ్డా. నీ మీద ఎక్కి కూసోదు. గంతవరకే నా పూచీ." తర్వాత ఆయనకు కరీంనగర్ బదిలీ అయింది, అక్కడే నౌకరీ నుంచి దిగి అక్కడే ఉండిపోయారు. ఎప్పుడైనా తువ్వాలో ధోతీయో నేసి తీసుకుపోతే, ముందు అంచు దగ్గర ముడులు చూసి, "నా ముడే నయముండె" అని నవ్వేవారు. ఆయన నవ్వు యాదికొస్తే ఇది రాస్తూ కూడా ఏడుపొస్తోంది.

ఆయన పోయారన్న మాట విన్నాక నాకు పట్టుకున్న భయం ఇదీ అని చెప్పాలి. ఇక కాళ్లు మొండికేస్తే అవతలి పక్క నడిచేవాళ్లు లేరు. మళ్లీ ఊళ్లు పట్టుకుని తిరగడమే. అన్నం తినకుండా కరీంనగర్ బస్సెక్కాను. బస్సులో కూడా కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

నేను చేరేసరికి ఆయన్ని తీసుకుపోయారు. ఇంటి ముందు షత్రంజీలు పరిచి ఉన్నాయి. వకీళ్లు, పంతుళ్లు, చుట్టాలు కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నన్నూ కూర్చోమన్నారు. కూర్చున్నాను, లేచాను. ఇంటి పక్కన సందు ఉంటే అందులోకి పోయి అటూ ఇటూ తిరగసాగాను.

అక్కడ నేను ఒక్కడినే లేను. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన గోడ వెంట తిరుగుతున్నాడు. ఖాకీ నిక్కరు మనిషి ఒకడు ఆ కొస దాకా పోయి వస్తున్నాడు. ఒక పెద్దావిడ, హుస్నాబాద్ దిక్కు మనిషని తర్వాత తెలిసింది, కాళ్లకు చెప్పుల్లేకుండా సందు పొడుగునా పారే మోరీకి అవతలి గట్టు మీద నడుస్తోంది. ఒకరికొకరం తెలియదు. ఎవరి సంగతి ఎవరికీ ఆయన చెప్పలేదు. కూర్చోలేకపోవడం చూసి ఒకరినొకరం గుర్తుపట్టాం.

ఆ పెద్దావిడ నా పక్కకు వచ్చేసరికి నడక కొంచెం తగ్గించింది. మోరీకి అటు ఆమె, ఇటు నేను.

"నీతోని గూడ అయితలేదా కొడుకా, కూసునుడు?" అంది.

"అయితలేదవ్వా."

 కొంగుతో మొఖం తుడుచుకుని, ముందుకే చూస్తూ మళ్లీ అంది. "నేను సగమే చెప్పిన. నెలకొక్కపారి వచ్చి జరంత జరంత చెప్తుంటి. అయ్య పాయె. మిగిలిన సగం నేనెవరికి చెప్పాలె?"

 నేను డాక్టర్ని కాదు, మగ్గం మనిషిని. కాని నా కాళ్లు, పొద్దుటి నుంచి ఎటు లాగుతున్నాయో తెలియని కాళ్లు, ఆమె అడుగుతో కలిసి పడుతున్నాయి. సందు చివరికి పోయాం. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం.

"మా ఇంటెనక బాయి ఉండె" అంది ఆమె.

"ఊఁ" అన్నాను.