శ్రీకాంత్ మార్చిన టైర్లు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊపు మీదున్న రోజులవి. ఆఫీసు పని మీద కొన్నాళ్ళు సింగపూర్‌లో ఉన్నాను. ఓ పొద్దున జోరువానలో, అక్కడే స్థిరపడ్డ సహోద్యోగి శ్రీకాంత్ తన కారులో నన్ను ఆఫీసుకు తీసుకెళ్తున్నాడు. బుకిట్ బటోక్ సిగ్నల్ దగ్గర బ్రేక్ వేశాడు. కారు ఆగలేదు. జారిపోయి ముందు కారును గుద్దింది.

అందులోంచి ఓ పెద్దాయన గొడుగు వేసుకుని దిగాడు. మేమూ దిగాం. ఇక తిట్ల దండకమేనని బిగుసుకుపోయాను. ఆయన వేలాడుతున్న తన బంపర్ వంక ఓసారి చూసి, వంగి మా కారు చక్రాలు చూశాడు. మా మాటలు చెవిన పడ్డాయేమో, తెలుగులోనే అడిగాడు.

"టైర్లు మార్చినావా తంబీ? కంపెనీ ఇంత వెడల్పువి ఇవ్వదే! ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పినావా?"

శ్రీకాంత్ వాటిని స్టైల్ కోసం వేయించాడు, ఎవరికీ చెప్పలేదు.

"అంకుల్, మనం మనం తెలుగువాళ్ళం. మనలో మనమే సర్దుకుందాం."

"మనవాడివనే చెప్తున్నా. దాచిపెట్టి, రేపు వాళ్ళకి దొరికితే పాలసీ చెల్లదంటారు. ఇప్పుడే ఫోన్ చెయ్యి."

శ్రీకాంత్ నంబరు నొక్కాడు. అవతల ఎవరో ఎత్తారు. ఫోన్ చేత్తో మూసి, "కారు కొన్నప్పుడే ఇవి ఉన్నాయని చెప్పనా?" అని నన్నడిగాడు. అలాగే చెప్పెయ్యమని నోటిదాకా వచ్చింది.

పెద్దాయన గొడుగు శ్రీకాంత్ తల మీదికి జరిపాడు. టైర్లు తనే మార్పించానని వాడు ఫోన్లో ఒప్పుకునేదాకా, ఆయన ఆ వానలో తడుస్తూనే నిలబడ్డాడు.