గట్టెక్కిన పీతలు

ఏలూరు నుంచి రోజూ బస్సెక్కి కొల్లేరు పక్కనున్న ఒక ఊరి హైస్కూలుకి వెళ్ళి సైన్సు చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లల్ని నెలకోసారి పంట కాలువ గట్టుకి తీసుకెళ్ళడం నాకు అలవాటు. పాత దోమతెర గుడ్డకి ఇనప తీగ చుట్టి వలలు వాళ్ళే కుట్టుకుంటారు. ఒడ్డున మోకాలి లోతులో దిగి, నాచులో దేవి, దొరికినవాటిని తెల్ల పళ్ళెంలో పోసి చూస్తారు. తూనీగ పిల్లలుంటే నీళ్ళు బాగున్నట్టు. ఎర్రటి సన్న పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే నీళ్ళకి జబ్బు చేసినట్టు.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. గాలి లేదు. డ్రిల్లు మాస్టారు కూడా మాతో వచ్చారు. కాలువకి అవతల కనుచూపు మేర చేపల చెరువులే. ఇవతలి గట్టు మీద కొంగలు బారులు తీరి నిలబడ్డాయి. ఎప్పుడూ నాలుగైదు ఉండే చోట గట్టంతా తెల్లగా ఉంది. ఒక్కటీ అరవడం లేదు, అన్నీ నీళ్ళకేసే చూస్తున్నాయి.

"చూశారాండీ టీచర్ గారూ, ఎన్ని కొంగలో! మన పిల్లలకి ఈరోజు పండగేనండి," అన్నారు మాస్టారు.

పిల్లలు చెప్పులు విప్పి బిలబిలమంటూ దిగారు. అందరికంటే ముందు దిగే అమ్మాయి మాత్రం వల చేతిలో పట్టుకుని పైనే నిలబడిపోయింది.

"ఏమ్మా, దిగవా?"

"నీళ్ళు వాసనొస్తున్నాయండి టీచర్."

వంగి చూశాను. కోడిపెంట కుళ్ళిన వాసన. ఈలోగా మొదటి పళ్ళెం పైకొచ్చింది. అందులో తూనీగ పిల్ల ఉంది కానీ కాళ్ళు వేలాడేసి ఉంది. పుల్లతో కదిపినా కదల్లేదు.

"టీచర్! పీతలండీ!"

నిజమే. నీటి అంచు నుంచి పీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ గట్టు మీదకి వస్తున్నాయి. వెనకాలే రొయ్య పిల్లలు ఎగిరి గడ్డిలో పడుతున్నాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. ఒకడు టిఫిను డబ్బా ఖాళీ చేసి పీతల్ని ఏరడం మొదలుపెట్టాడు. అంతలో గడ్డిలోంచి ఒక మలుగుపాము, ఆ పాములాంటి చేప, పాక్కుంటూ వచ్చి వాడి పాదం మీద అడ్డంగా పడుకుంది. వాడు కెవ్వుమన్నా అది కదల్లేదు. మనిషి అలికిడికే బురదలోకి దూరిపోయే జీవి, నోరు తెరుచుకుని అక్కడే ఉండిపోయింది.

కేరింతలు ఆగిపోయాయి. అప్పుడు చూశాం, కాలువ పొడవునా నీటి మీద చిన్న చిన్న నోళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. చేపలు గాలి కోసం పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. కొంగలకి ముందే తెలిసిందన్నమాట.

"అందరూ పైకి రండి! ఎవరూ నీళ్ళు ముట్టుకోకండి!" అని అరిచాను.

ఆ అమ్మాయి నా కొంగు పట్టుకుంది. "టీచర్, ఇవి మా నాన్న పనిచేసే చెరువు నీళ్ళండి. చేపల పట్టుబడి అయిపోయింది, అడుగు నీళ్ళు తోడేస్తున్నామని పొద్దున్నే అన్నాడండి."

"అవి మురుగు డ్రెయిన్‌లోకి కదమ్మా వదలాలి?"

"డ్రెయిన్ నిండిపోయిందటండి." ఊరి వైపు చూసింది. దాని మొహం పాలిపోయింది. "మంచినీళ్ళ చెరువు తూము తెరిచే ఉందండి టీచర్. నిన్న సాయంత్రమే షట్టరు ఎత్తారండి."

ఈ కాలువ నుంచి నిండే ఆ చెరువు నీళ్ళే ఊరంతా తాగేది. పిల్లల్ని స్కూలు బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి కాళ్ళు కడిగించమని మాస్టారికి చెప్పి, ఆ అమ్మాయితో పాటు గట్టు వెంట పరుగెత్తాను. మా పక్కనే కాలువలో చేపల చెరువు నీళ్ళ నల్లటి చార కూడా దిగువకి సాగుతోంది. మేమెంత వేగంగా వెళ్ళినా అది మాకంటే ఒక్క అడుగే వెనక ఉన్నట్టనిపించింది.

తూము చూసే పంచాయతీ అతను ఇంటి అరుగు మీద చద్దన్నం తింటున్నాడు.

"షట్టరు అలా దించేస్తే ఎలాగండీ? ప్రెసిడెంటు గారు చెప్పాలి కదండీ," అన్నాడు.

"బాబాయ్, ముందు దించు. చేపలు చచ్చిపోతున్నాయి."

"నీకెవరు చెప్పారే?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వైపు చూసింది. "ఆ నీళ్ళు వదిలింది మా నాన్నే," అంది.

అతను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు. తుప్పు పట్టిన చక్రం ముగ్గురం కలిసి తిప్పితే గాని కదల్లేదు. షట్టరు అడుగుకి ఆనిన కాసేపటికే నల్లనీళ్ళు వచ్చి దాన్ని తాకి, నురగ కట్టి, పక్కకి తిరిగాయి.

మర్నాడు ఆ చేపల చెరువు యజమాని స్కూలుకొచ్చాడు. తెల్లటి చొక్కా, నెమ్మదైన గొంతు. నిలబడే మాట్లాడాడు.

"పిల్లల్ని కాలువకి తీసుకెళ్తున్నారటండి. మంచి పనేనండి. కాకపోతే గట్లు జారతాయి కదండీ. రేపేదన్నా అయితే మాట మీకే కదండీ వచ్చేది?"

"జాగ్రత్తగానే ఉంటామండి."

"ఉండాలండి." నవ్వాడు. "మా దగ్గర పనిచేసేవాడి కూతురు ఇక్కడే చదువుతోందటగా. తెలివైన పిల్లటండి. ఏ క్లాసండి?"

"మా పిల్లలందరూ తెలివైనవాళ్ళేనండి," అన్నాను. అతను నమస్కారం పెట్టి, వరండాలోంచి క్లాసు గదుల్లోకి ఒక్కొక్కటిగా తొంగిచూస్తూ వెళ్ళాడు.

వాళ్ళ నాన్నని పనిలోంచి తీసేస్తారని భయపడ్డాను. తీసెయ్యలేదు. తన చేతి కింద ఉంటే నోరు మూయించడం తేలికని ఉంచుకున్నాడేమో అనిపించి భయం ఇంకా పెరిగింది. కాలువకి వెళ్ళకుండా కొన్నాళ్ళు ఆగమన్నారు హెడ్‌మాస్టరు గారు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. ఆ అమ్మాయి వల పట్టుకుని వచ్చింది.

ఇప్పుడు ఒక్కోరోజు పొద్దున్నే, బెల్లు కొట్టకముందే, స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడుతుంది.

"ఈరోజు కాలువకి వద్దండి టీచర్."

ఆ మాట వాళ్ళ నాన్నే చెప్పి పంపాడని ఇద్దరికీ తెలుసు. నేను పంచాయతీ అతనికి ఫోన్ చేస్తాను, అతను షట్టరు దించుతాడు. ఈమధ్య ఆ అమ్మాయి ఆ గుమ్మంలో తరచుగా కనబడుతోంది.