చావులు లేని దవాఖాన

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది గోదావరిఖనిలోని ఒక ట్రస్టు ఆసుపత్రికి నన్ను పరిశీలకుడిగా వేశారు. వేసింది మా సంఘం. లాభం ఆశించకుండా ఆసుపత్రుల్లో వైద్యం ఎట్లా ఉందో చూసి మార్కులివ్వడం దాని పని. రిటైరైన డాక్టర్లు నలుగురు కలిసి పెట్టిన కొత్తలో ఈ మార్కులు లేవు. రోగి మంచం పక్కన కూర్చుని చెప్పింది వినేవాళ్లం. ఏడో తరగతితో బడి మాని, వైద్య పుస్తకాలు సొంతంగా చదువుకున్న నాకు ఆ పని నచ్చింది. తర్వాత కొత్త చైర్మన్ వచ్చాడు, ఆయన వెంట మార్కులొచ్చాయి. చావులు తక్కువున్న ఆసుపత్రికి అందరికన్నా ఎక్కువ మార్కులు.

ఆసుపత్రులు తెలివితక్కువవా? రోగి పరిస్థితి విషమించగానే ‘రిఫర్’ చేయడం, అంటే పెద్దాసుపత్రికి రాసిచ్చి అంబులెన్సు ఎక్కించడం, మొదలుపెట్టాయి. దారిలో పోయిన ప్రాణం వాళ్ల లెక్కలోకి రాదు. అది పెద్దాసుపత్రికి పోయే కరీంనగర్ రోడ్డు లెక్కలోకి రావాలి, కానీ రోడ్లకు మేం మార్కులివ్వం.

నేను వెళ్లిన రోజు మల్లయ్య అనే రిటైర్డ్ బొగ్గుగని కార్మికుడికి ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ ఉంది, మందులున్నాయి, ఛాతీ డాక్టరు డ్యూటీలోనే ఉన్నాడు. అయినా స్ట్రెచర్ తెచ్చారు. మల్లయ్య భార్య రాజవ్వ దాని మీద తానెక్కి కూర్చుంది. మార్కుల సంగతి నర్సు అప్పటికే ఆమె చెవిన వేసింది. సూపరింటెండెంట్ బతిమాలాడు, పరిశీలన జరుగుతోందని నన్ను చూపించాడు. ఆమె నా వైపు తిరిగింది.

“అన్నా, పరీక్ష దవాఖానకా, మా ఇంటాయనకా? ఈడ సస్తే వీళ్లకు మార్కులు పోతయట. తొవ్వల సస్తే నాకు మనిషే పోతడు. నేనైతే దిగ.”

మల్లయ్యను పంపితే చావు కిందే రాస్తానని సూపరింటెండెంట్‌తో అన్నాను. అట్లా రాసే అధికారం నాకు లేదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. స్ట్రెచర్ వెనక్కి పోయింది, ఛాతీ డాక్టరు వచ్చాడు. వారం దాటాక మల్లయ్య నడిచి ఇంటికి పోయాడు.

రిఫర్ చేసిన వాళ్లనూ లెక్కించాలని సంఘానికి రాశాను. అట్లా చేస్తే అందరి మార్కులూ పడిపోతాయనీ, ఇక మనల్ని ఏ ఆసుపత్రి పిలుస్తుందనీ చైర్మన్ అడిగాడు. ఆ ఏడు మా నివేదిక అట్ట మీద మల్లయ్య ఫోటో వేశారు. కింద ‘ఉత్తమ వైద్యానికి నిదర్శనం’ అని అచ్చయింది. ఆసుపత్రికి మొదటి బహుమతి వచ్చింది.

ఆసుపత్రి ఎట్లాంటిదో తెలియాలంటే అది గేటు దాటించిన వాళ్ల ఇళ్లకు పోయి అడగాలి. నా ఉద్యోగం నేర్పింది ఇదే. ఆ పనికి మా సంఘం ఇంతవరకు ఎవరినీ వేయలేదు.