కారుణ్యం కింద

మంచుకొండ మీది మిలిట్రీ పోస్టు చేరేసరికి సాయంత్రం నాలుగు. ఎత్తు పదిహేడు వేల అడుగులు. ఒక గుడిసె, ఒక బంకరు, రెంటికీ మధ్య పట్టుకుని నడవడానికి తాడు. ఒంటిమీద మూడు పొరల బట్టలు, కాళ్లకు మంచు బూట్లు. ఎనిమిది మందిమి. మూడు నెలల డ్యూటీ.

రేడియో సెట్టు నడిపే ఆయనది మంచిర్యాల, అన్నా అని పిలిచేవాణ్ని. మాది గోదావరికి ఇవతల బొగ్గుగనుల సెంటినరీ కాలనీ అనగానే తన పక్కనే పడక వేయించాడు. ఇద్దరివీ చర్చికి ప్రార్థనకు పోయే ఇళ్లే. ఇద్దరి తండ్రులూ బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లే.

మా నాయన సర్వీసులో ఉండగానే జబ్బుచేసి పోయాడు. కారుణ్య నియామకం కింద ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. పెద్దకొడుకును, నాకే రావాలి. చచ్చిన మనిషి అన్నం నాకొద్దని తమ్ముడికి వదిలేసి మిలిట్రీకి వచ్చాను. నా రెక్కల కష్టమే నేను తినాలని పొగరు. దేవుడి దగ్గరా అదే వరస. ఆ ఎత్తులో కూడా శుక్రవారం ఉపవాసం ఉండేవాణ్ని. ఇతరుల కాపలా డ్యూటీలు అడిగి తీసుకునేవాణ్ని. బాయిలో హాజరు మస్టర్ పడితేనే జీతం. పరలోకంలోనూ అంతే అనుకున్నాను.

ఒకరోజు బుఖారీ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ అన్న అడిగాడు.

"మీ తమ్ముడు ఆ నౌకరి కోసం ఏం చేసిండు?"

ఏం చెయ్యలేదన్నాను.

"నాయిన పానం పోయింది, కొడుక్కు నౌకరొచ్చింది. కృపంటే గంతే తమ్మీ. నువ్వేమో మస్టర్లు లెక్కపెట్టుకుంట కూసున్నవు."

నాకు నచ్చలేదు. పని చెయ్యనివాడికి కూడు పెడితే పనిచేసేవాడి గతేమిటని వాదించాను. ఆయన నవ్వాడు.

రెండో నెలలో నా ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పడుకుంటే మునిగిపోతున్నట్టుండేది. హెలికాప్టర్ కోసం కబురు పెట్టారు. మబ్బు విడవలేదు. మోసుకుని దించమని పోస్టు కమాండర్ ఆర్డరిచ్చాడు. అన్న తన సెట్టు మరొకరికి అప్పగించి, దారి చూసేవాడిగా అందరికన్నా ముందు తాడు కట్టుకున్నాడు. నేను నడుస్తానని లేవబోయాను.

"ఊకె పండుకో. ఇయ్యాల నీ డ్యూటీ గదే," అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన కాళ్లకింద మంచు విరిగింది. అడుగున లోతైన చీలిక. తాడు లాగుతున్నవాళ్ల అరుపులు వినిపించాయి. నన్ను స్ట్రెచర్‌కు కట్టేసి ఉన్నారు, తల కూడా తిప్పలేకపోయాను. పైకి తీసేసరికి ఆయన ఊపిరి ఆగిపోయింది. మిగిలినవాళ్లు నన్ను కింది క్యాంపుకు చేర్చారు.

మిలిట్రీ దవాఖానలో బతికాను. దేవుడి మీద కోపం తన్నుకొచ్చింది. ఇంత ఖరీదైన బతుకు నేను అడిగానా?

సెలవు దొరకగానే మంచిర్యాలకు వెళ్లాను. గోదావరి వంతెన దాటుతుంటే అన్న వాళ్లమ్మతో ఏం చెప్పాలో బస్సులోనే కూడబలుక్కున్నాను. ప్రతి నెలా వస్తాను, ఇంటిపని చూస్తాను, కొడుకులా ఉంటాను. అన్నీ చెప్పాను. అవ్వ విని, లేచి, పప్పుతో అన్నం పెట్టింది. కంచం ముట్టలేకపోయాను.

"ఏం చేస్తె ఈ బాకి తీరుతదవ్వా?"

"తీరది బిడ్డా. తీర్చుమని ఇచ్చిండా వాడు? తిను, సల్లారుతది."

ఏడుస్తూనే తిన్నాను. అవ్వ ఎదురుగా కూర్చుని, కొంగుతో ఈగలు తోలుతూ, నా ప్రతి ముద్దనూ చూసింది. కొడుకు తింటున్నప్పుడూ అలాగే చూసి ఉంటుంది. ఆమె ఏడవలేదు.

మిలిట్రీ వదిలి వచ్చేశాను. ఇప్పుడు కాలనీలో తమ్ముడి క్వార్టర్‌లోనే ఉంటున్నాను, వాడు పెట్టింది తింటున్నాను. ఆ మంచుకొండను అప్పుడప్పుడూ మరిచిపోతాను. అవ్వ చెయ్యి మరుపుకు రాదు. చాలవ్వా, చాలు అంటుంటే వినకుండా, ఆ చేత్తో నా కంచంలో మళ్లీ అన్నం పెడుతూనే ఉంది.