తెల్ల సిలువ గుర్తున్న డబ్బా

ఏడేళ్లుగా ఒక చిన్న సీసాను మోస్తున్నాను. నిజానికి అది ఎప్పుడో పగిలిపోయింది. మేముండే లేబర్ క్యాంపు బాస్ నా కళ్ల ముందే ఇసుకలో ఒంపేసి రాయికేసి కొట్టాడు. అయినా బరువు తగ్గలేదు. ఇంట్లో చెప్పలేదు. రూమ్‌లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఒమాన్‌లో, సోహార్ అనే ఊళ్లో పెయింటర్ని. మాది జగిత్యాల వైపు. ప్లాంటులో పైపులకూ మెట్లకూ రంగులు వేస్తాం. అప్పట్లో మా సూపర్‌వైజర్ ఒక ఆస్ట్రేలియా ఆయన. మనం టర్పెంటైన్ అనేదాన్ని ఆయన ‘టర్ప్స్’ అనేవాడు. పోనుపోను మేమూ అలాగే అనడం మొదలుపెట్టాం. వాళ్ల దేశంలో బాగా తాగేవాణ్ణి ‘టర్ప్స్ మీద ఉన్నాడు’ అంటారట. ఒకసారి నవ్వుతూ ఆయనే చెప్పాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవలసినవాణ్ణీ నేనే.

దానియేలు నవ్వలేదు. అతనిది నరసాపురం దగ్గర పల్లె, నాకంటే ఆరేళ్లు చిన్న, రూమ్‌లో నా పక్క మంచం. తండ్రి తాగి తాగి పోయాడు. అందుకే దానియేలు, చుక్క ముట్టనని పెళ్లికి ముందే భార్యకు మాటిచ్చాడు. తిరిగి వెళ్లాక ఊళ్లో చర్చిలో తనను సంఘ పెద్దగా నిలబెడతామన్నారని ఎంత సంబరంగా చెప్పేవాడో!

ఆయిల్ పెయింటు సబ్బుకు లొంగదు. డ్యూటీ అయ్యాక ఒళ్లు టర్ప్స్‌తో తుడుచుకోవలసిందే. అందుకే ప్రతివాడికీ ఒక పాలపొడి డబ్బా, మూత మీద వాడి గుర్తు. నాది ఆకుపచ్చ చుక్క. దానియేలుది తెల్ల సిలువ. మెడ వెనుక, మోచేయి వెనుక మన చెయ్యి అందదు కదా, అక్కడ పక్కవాడు తుడవాలి. నాకు దానియేలు తుడిచేవాడు. గుడ్డ తడిపి, మంట పుట్టకుండా మెల్లగా రుద్ది, పైన ఇంత కొబ్బరినూనె రాసేవాడు. అంతసేపూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ ఉండేవాడు. ఇల్లు వదిలి వచ్చాక నన్ను ఆప్యాయంగా తాకిన చెయ్యి అదొక్కటే. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఇక నా సంగతి. మాకు శుక్రవారం సెలవు, గురువారం వచ్చిందంటే నాకు నాలుక పీకేది. ఒక లారీ డ్రైవర్ సైట్‌కు దొంగచాటుగా సీసా తెచ్చిచ్చేవాడు. దాన్ని క్యాంపులోకి చేర్చడమే తంటా. గేటు దగ్గర సంచులు వెతుకుతారు. దొరికితే ఉద్యోగం గల్లంతే. కానీ ఆ ఘాటుకు జడిసి డబ్బాల మూతలు ఎవరూ తీయరు. అందులోనూ దానియేలు డబ్బా అంటే అసలే తీయరు. వాచ్‌మన్ అతన్ని ‘పాస్టర్ సాబ్’ అని పిలిచేవాడు. దానియేలు పారేసిన పాత డబ్బా ఒకటి నేను ఏరుకున్నాను. ఎందుకని అడిగితే, పనికొస్తుందిలే అన్నాను. కింద సీసా, పైన టర్ప్స్‌లో తడిపిన గుడ్డ, మూత మీద తెల్ల సిలువ. నా ఆకుపచ్చ చుక్క డబ్బా సరిపోయేది కాదా? సరిపోయేదేమో. మరి అతని గుర్తే ఎందుకు కావలసి వచ్చింది? పట్టుబడితే నా పేరు రాకూడదనేనా? కాదు, కాదు అని ఏడేళ్లుగా నాతో నేనే వాదిస్తున్నాను, ఒక్కసారీ గెలవలేదు.

ఆ గురువారం నాకు నడుం పట్టేసింది. బస్సు దిగలేక అవస్థ పడుతుంటే దానియేలు వచ్చి నా చేతిలోని డబ్బా అందుకున్నాడు. వద్దులే అన్నాను. గట్టిగా అనలేదు. అతను దాన్ని చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. గేటు దగ్గర, కొత్తగా వచ్చిన క్యాంపు బాస్ డబ్బాలన్నీ తెరిపిస్తున్నాడు.

గుడ్డ తీశారు. సీసా బయటపడింది.

“యే డబ్బా కిస్‌కా హై?” ఈ డబ్బా ఎవరిదని బాస్ గద్దించాడు.

గుర్తు తనదేననీ సీసా మాత్రం తనది కాదనీ దానియేలు వచ్చీరాని హిందీలో చెప్పాడు. డబ్బా ఎవరి చేతిలోంచి తీసుకున్నాడో చెప్పలేదు. నా వైపు తిరిగాడు.

“అన్నయ్యా, ఈళ్లకి ఒక్క మాట చెప్పండి. నేను తాగుతానేటండీ?”

“నాకేం తెల్వదు,” అన్నాను.

సూపర్‌వైజర్ వచ్చి డబ్బా చూశాడు. ‘టర్ప్స్ మీద’ అన్న ఆ మాటే మళ్లీ అన్నాడు. ఈసారి నవ్వలేదు. నాలుగు రోజుల్లో దానియేలు వీసా రద్దు చేశారు.

ఆ నాలుగు రోజులూ నా పక్క మంచం మీదే ఉన్నాడు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. నన్ను ఏమీ అడగలేదు. నన్ను తిట్టినా బాగుండేది. వెళ్లే ముందు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పెట్టె కట్టుకుంటున్నాడు. నా మోచేయి వెనుక రంగు చూశాడు. లేచి, గుడ్డ తడిపి తుడిచాడు. నూనె కూడా రాశాడు. కీర్తన మాత్రం పాడలేదు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు కదా? క్యాంపు బాస్ ఆఫీసు ఇరవై అడుగుల దూరం. నడుం నొప్పి కూడా తగ్గిపోయింది.

అతనికంటే ముందే కబురు ఊరు చేరిందట. వాళ్ల పక్క ఊరి నర్సు ఒకామె ఇక్కడి ఆసుపత్రిలో కలిసినప్పుడు చెప్పింది. సంఘంలో పెద్దరికం మాట అటుంచి, ఏడాదిపాటు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకే రానివ్వలేదట. మాట తప్పావంటూ భార్య చాలా కాలం అతనితో మాట్లాడలేదట. “తాగుబోతు కొడుకు తాగుబోతే కదా అన్నారండీ అంతా,” అందామె. నేను మందుల చీటీ మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

నేను తాగుడు మానేశాననుకునేరు. మానలేదు. తగ్గించాను, అంతే. నీతులు చెప్పే మొహం కాదు నాది. కానీ సాయంత్రం టర్ప్స్ మూత తీసిన ప్రతిసారీ దానియేలు కావాలనిపిస్తుంది. క్షమించడానికి కాదు. ఊరికే, నా వెనక నిలబడి ఆ రాగం తీయడానికి. ఇప్పుడు నా పక్క మంచంలో వేరే అతను ఉన్నాడు, మంచివాడే, అడిగితే తుడుస్తాడు. నేను అడగను. మోచేయి వెనుక రంగు అలాగే ఎండి, దానంతటదే పెచ్చులూడిపోతుంది.

దానియేలు నంబరు నా ఫోన్‌లో ఉంది. పండక్కి ఒకసారి చేశాను. నడుం ఎలా ఉందన్నయ్యా అని అడిగాడు. బాగుందన్నాను. ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగవలసింది మిమ్మల్ని కాదు. ఇది చదివి మీరు నన్ను ఛీ అన్నా సరే. ఏడేళ్లుగా గొంతు దాటని మాట ఇవాళ కాగితం మీదికైనా వచ్చింది, ఊపిరి కాస్త ఆడుతోంది. గుర్తు దానియేలుది. సీసా నాది.