వంగని మోకాలు

2007 ఏప్రిల్‌లో కరోల్‌బాగ్ నుంచి వైశాలి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగు కుర్రవాడి ఒడిలో, రేసు బైకుకు బిగించే ఫుట్‌రెస్టుల జత ఉంది.

"షాపులో అన్నీ చూశాను ఆంటీ. ఇంతకన్నా కిందికుంటే, మలుపులో బండి వాల్చినప్పుడు ట్రాక్‌కి రాసుకుంటాయి."

నేను నర్సునని చెప్పగానే, ఒకదాన్ని సీటు అంచుకు ఆనించి దానిమీదికి కుడిపాదం ఎత్తబోయాడు. విరిగి అతికిన మోకాలు తొంభై డిగ్రీల దగ్గరే ఆగిపోయింది.

"జూన్‌లో రేసుంది. ఇంత ఎత్తున పాదం పెట్టాలంటే మోకాలు బాగా మడవాలి. అప్పటికి ఇంకాస్త వంగుతుందా?"

"ఆపరేషనై ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

మోకాలు పట్టి చూశాను. "ఇంక వంగదు బాబూ."

"అచ్ఛా," అన్నాడు. ఫుట్‌రెస్టులు మాత్రం సంచిలో పెట్టలేదు.

బస్సు మలుపు తిరిగింది. అందరం బయటివైపు తూలాం. ఆ జతను రెండు చేతులా పట్టుకుని, రేసులో బండి వాల్చినట్టు అతనొక్కడే లోపలివైపు ఒరిగాడు.